అరచేతిలో తంబాకు, జన్యువులో అక్షరం

మీకు తెలుసా?

తంబాకులో సున్నం ఎందుకు కలుపుతారో తెలుసా? ఆదిలాబాద్ జిల్లా బోథ్ అంగడిలో కాసేపు నిలబడితే ఎవరో ఒకరు ఈ పనిలో కనబడతారు. ఎడమ అరచేతిలో చిటికెడు తంబాకు, దాని మీద గోరంత సున్నం, కుడి బొటనవేలితో నాలుగు నలుపులు, పైనుంచి రెండు చరుపులు. దుమ్ము ఎగిరిపోయాక మిగిలింది కింది పెదవి వెనక్కో, చెంప పక్కకో పోతుంది. అలవాటైన చేతికి ఇదంతా మాట మధ్యలోనే అయిపోతుంది. ఆ సున్నం రుచి కోసం వేసేది కాదు. సున్నానిది క్షారగుణం. అది తగిలితే తంబాకులోని నికోటిన్ నోటి లోపలి పలుచటి పొరలోంచి తొందరగా రక్తంలోకి దిగుతుంది. అంతసేపూ తంబాకులోని నైట్రోసమైన్లు అదే పొరకు ఆనుకొని ఉంటాయి. ఆకును ఆరబెట్టి మాగబెట్టేటప్పుడు పుట్టే రసాయనాలివి, క్యాన్సర్ కారకాలు.

పోకవక్క ఒక్కటే నమిలితే ఫర్వాలేదనుకునేవారు ఊరూరా ఉన్నారు. తంబాకు కలపని వక్క కూడా మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నాటి నివేదికలోనే చెప్పింది.

క్యాన్సర్‌కు దారి తీయడానికి జన్యువులో ఎంత మార్పు చాలో తెలుసా? మనిషి డీఎన్‌ఏలో ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాలు దాదాపు 300 కోట్ల స్థానాల్లో వరుసగా ఉంటాయి. అందులో ఒక్క అక్షరం మారినా సాధారణ జన్యువు క్యాన్సర్ జన్యువు కాగలదని 1982లో తేలింది. తేల్చినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఒకరు. అమెరికాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన, మరియానో బార్బసిడ్, వారి సహచరులు కలిసి మూత్రాశయ క్యాన్సర్ నుంచి తీసి ప్రయోగశాలలో పెంచుతున్న టీ24 అనే కణాలను పరీక్షించారు. వాటిలోని హెచ్‌రాస్ జన్యువును మామూలు హెచ్‌రాస్ జన్యువుతో అక్షరం అక్షరం పోల్చారు. ఇప్పటిలా యంత్రాలు చదివి పెట్టే కాలం కాదది. ఎక్స్‌రే ఫిల్మ్ మీద పడిన నల్లటి అడ్డగీతలను కళ్లతో చూసి, చేత్తో రాసుకోవాలి.

చివరికి దొరికిన తేడా ఇంతే: జీ-జీ-సీ ఉండాల్సిన చోట జీ-టీ-సీ ఉంది. దాంతో ప్రొటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్‌కు బదులు వాలిన్ చేరింది. కణం విభజన చెందాలన్న సంకేతాన్ని అందించి, ఆ వెంటనే ఊరుకోవడం రాస్ ప్రొటీన్ పని. వాలిన్ చేరాక ఊరుకోవడం పోయింది, సంకేతం ఆగకుండా వెళ్తూనే ఉంది. రాబర్ట్ వైన్‌బర్గ్, మైకేల్ విగ్లర్ బృందాలు కూడా అదే సమయంలో విడివిడిగా ఇదే మార్పును కనుక్కున్నాయి. అయితే ఈ ఒక్క దెబ్బతోనే మామూలు కణం క్యాన్సర్ అయిపోదు, ఇంకొన్ని మార్పులు తోడు కావాలి. క్యాన్సర్ ముదరడానికి ఏళ్లూ పూళ్లూ పట్టేది అందుకే. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఆ తర్వాత ‘ఆంకోజీన్’ పరిశోధన పత్రికను స్థాపించినవారిలో ఒకరయ్యారు. ఉస్మానియా గడప దాటి వెళ్లిన ఈ పేరు మన బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు? తెలిసి తీరాల్సిన పేరది.

తడిసిన మక్కలకూ కాలేయ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని తెలుసా? కోసిన మక్కలు కల్లంలో ఆరకముందే వాన పడితే, పల్లికాయను తేమ మీదే బస్తాలకెత్తితే, ఆకుపచ్చ పసుపు కలిసిన బూజు పడుతుంది. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఉడికించినా వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. చైనాలోని చిడాంగ్ ప్రాంతంలోనూ ఆఫ్రికా దక్షిణ భాగంలోనూ కాలేయ క్యాన్సర్ రోగుల కణితులను 1991లో పరిశీలిస్తే, పీ53 అనే కాపలా జన్యువులో చాలామందికి ఒకే చోట, 249వ స్థానంలో, జీ పోయి టీ వచ్చి ఉంది. విషం తన వేలిముద్ర వదిలి వెళ్లిందన్నమాట. హెపటైటిస్ బీ కూడా ఉన్నవారికి ఈ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. గింజలో ఈ విషం ఎంతుందో తక్కువ ఖర్చుతో పట్టుకునే పరీక్షను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రూపొందించారు. గింజ బాగా ఆరాకే నిల్వ చేయాలని, బూజు పట్టినదాన్ని ఏరి పారేయాలని పెద్దలు చెప్పే మాట వెనక ఇంత జీవశాస్త్రం ఉంది.

అక్షరం ఒక్కటి కూడా మారకుండా క్యాన్సర్ రాగలదా? ఇక్కడి నుంచే ఎపిజెనెటిక్స్ మొదలవుతుంది. కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉండే డీఎన్‌ఏ ఒకటే. కానీ కంటికి అక్కర్లేని జన్యువులు కంట్లో మూతబడి ఉంటాయి. సీ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన ముక్క తగులుకుంటే, అది జన్యువు తలుపుకు పెట్టిన గొళ్లెం లాంటిది. లోపలి రాత చెక్కుచెదరదు, కానీ చదవడం కుదరదు. కణితుల్లో ఈ గొళ్లేలు తారుమారవుతాయి. పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో కొన్ని జన్యువుల దగ్గర మిథైల్ బాగా తగ్గిపోయిందని జాన్స్ హాప్కిన్స్‌లో ఆండ్రూ ఫైన్‌బర్గ్, బెర్ట్ వోగెల్‌స్టీన్ 1983లో చూపారు. ఆ తర్వాత రెండో వైపూ బయటపడింది. కణ విభజనకు అడ్డుకట్ట వేసే పీ16 లాంటి జన్యువులకు కొన్ని క్యాన్సర్లలో కొత్తగా గొళ్లెం పడుతుంది. జన్యువు చెడిపోలేదు, నోరు మూతబడింది. ఫలితం మాత్రం చెడిపోయినదానితో సమానం.

దీనికి దగ్గరి కథ ఇంకొకటి ఉంది. ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జనార్దన్ కె. రెడ్డి 1980లో ‘నేచర్’ పత్రికలో ఒక వింత విషయం రాశారు. రక్తంలో కొవ్వు తగ్గించే కొన్ని మందులు ఎలుకల కాలేయంలో పెరాక్సిసోమ్ అనే భాగాలను విపరీతంగా పెంచి, చివరికి క్యాన్సర్ తెస్తున్నాయి. అయినా అవి డీఎన్‌ఏను నేరుగా గాయపరచడం లేదు! జన్యువులను నడిపే ఒక ప్రొటీన్‌ను అవి తట్టిలేపుతున్నాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఆ ప్రొటీన్ లేకుండా పుట్టించిన ఎలుకలకు అదే మందు ఇస్తే కణితులు రాలేదు. మనుషుల కాలేయం ఈ మందులకు ఎలుకలా స్పందించదు కాబట్టి కొవ్వు మాత్రలు వాడేవారు కంగారు పడనక్కర్లేదు. క్యాన్సర్ అంటే డీఎన్‌ఏకు తగిలిన గాయమేనన్న నమ్మకాన్ని మాత్రం ఈ పని కదిలించింది.

మరి ఆ మిథైల్ ముక్క శరీరానికి ఎక్కడిది? పాలకూరలోంచి, పప్పులోంచి వచ్చే ఫోలేట్ దాన్ని అందించడంలో పాలుపంచుకుంటుంది. డీఎన్‌ఏలోని టీ అక్షరం తయారీకీ ఫోలేట్ కావాలి. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనకు నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలేట్ రకాలిచ్చిన లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల్లో జబ్బు ఇంకా ఉరకలేస్తోందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే దానికి ఎదురు మందు ఇస్తే? సుబ్బారావు బృందం ఫోలేట్‌ను పోలి ఉండి, దాని పని జరగనివ్వని అమినోప్టెరిన్‌ను తయారు చేసి పంపింది. 16 మంది పిల్లలకిస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బు వస్తే వారాలు, నెలలు లెక్కపెట్టుకోవడమే. ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది. అన్నట్టు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు డాక్టరును అడగకుండా ఫోలిక్ మాత్రలు వేసుకోకూడదు.

ఈ గొళ్లేనికీ అక్షరం మార్పుకీ ముడి ఉందని తెలుసా? నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. ఆ ముడి చూడాలంటే బీడీ దగ్గర మొదలుపెట్టాలి. ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలం తునికాకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో ఆరబోస్తారు. ఆ ఆకు నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల ఆడవాళ్ల చేతుల్లో బీడీ అవుతుంది. తునికాకు గాలిని సరిగా చొరనివ్వదు, బీడీ ఊరికే ఆరిపోతుంటుంది. అందుకే మాటిమాటికీ గట్టిగా పీలుస్తారు. ఏ పొగాకు పొగలోనైనా బెంజోపైరీన్ ఉంటుంది. ఒంట్లోకి చేరాక రూపు మార్చుకొని, అది పీ53 జన్యువులో 157, 248, 273 స్థానాల్లోని జీ అక్షరాలకు గట్టిగా అతుక్కుంటుందని 1996లో కనిపెట్టారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కణితుల్లో ఎక్కువగా దెబ్బతిని కనిపించే చోట్లు సరిగ్గా ఇవే. అక్కడే ఎందుకు? మరుసటి ఏడాది జవాబు దొరికింది. ఆ జీ పక్కనున్న సీకి మిథైల్ తగిలి ఉంటే పొగలోని విషం ఇంకా తేలిగ్గా అతుక్కుంటుంది. అక్షరం ఎక్కడ చెడాలో చూపిస్తున్నది మిథైలే.

దీనికి తిరగబడిన ముడి మన దేశంలోనే కనబడింది. తంబాకు పెట్టుకునే చోట, చిగురుకూ చెంపకూ మధ్య, వచ్చే క్యాన్సర్ మనవాళ్లలో ఎక్కువ. పశ్చిమ బెంగాల్ కల్యాణిలోని జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ, ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్ శాస్త్రవేత్తలు కలిసి 110 మంది రోగుల కణితులను చదివి, 2013లో ఫలితాలు వెల్లడించారు. దెబ్బతిన్న జన్యువుల్లో పీ53తో పాటు హెచ్‌రాస్ ఉంది, 1982లో టీ24 కణాల్లో పట్టుబడిన జన్యువే. కొత్తగా తేలినవాటిలో ఎంఎల్‌ఎల్‌4, ఏఆర్‌ఐడీ2 ఉన్నాయి. ఈ రెండూ డీఎన్‌ఏ చుట్టలను విప్పి, చుట్టి, ఏ జన్యువు పలకాలో ఏది ఊరుకోవాలో చూసే ప్రొటీన్లవి. అక్షరం దెబ్బ ఆ యంత్రాంగం మీదే పడిందన్నమాట. అదే ఏడాది హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో మురళీధరన్ బాష్యం బృందం, ఆ యంత్రాంగంలోని ఏఆర్‌ఐడీ1బీ అనే ఇంకో ప్రొటీన్ క్లోమ క్యాన్సర్ కణాల పెరుగుదలను అణచగలదని చూపింది.

మారిన అక్షరాన్ని శరీరం మళ్లీ దిద్దుకోవడం దాదాపు జరగదు. గొళ్లెం సంగతి అలా కాదు. సిగరెట్ తాగేవారి రక్తకణాల్లో ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు దగ్గర మిథైల్ తగ్గిపోతుంది. మానేశాక ఏళ్లు గడిచేకొద్దీ తిరిగి పెరిగి, ఎన్నడూ తాగనివారి స్థాయికి దగ్గరవుతుంది. మిథైల్‌ను తగ్గించే అజాసిటిడీన్ మందు 2004లో అమెరికాలో ఎముక మజ్జ జబ్బుకు ఆమోదం పొందింది. దాని గుణానికి తొలి సూచన 1970ల్లోనే ఒక ప్రయోగంలో కనబడింది. ఆ మందు వేసిన ఎలుక కణాలు కొన్నాళ్లకు కండర కణాలుగా మారి, గాజు పళ్లెంలో వాటంతటవే కొట్టుకోవడం పీటర్ జోన్స్, ఆయన సహచరులు చూశారు.

ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చని తెలుసా? నోరు బాగా తెరిచి, చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు మూడూ నిలువుగా పళ్ల మధ్య పట్టాలి. వక్క, గుట్కా నమిలేవారిలో చెంప లోపలి పొర బిగుసుకుపోతే రెండు వేళ్లే పడతాయి, కారం తగిలితే మంటెత్తుతుంది. అద్దంలో చెంపల లోపల, నాలుక అంచున, పెదవి వెనక చూసుకోవాలి. గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉంటే, నొప్పి లేదని ఊరుకోవద్దు. ఈ దశలో నొప్పి ఉండకపోవడమే ఎక్కువ. బోథ్ ఆస్పత్రిలో ముందు చూపించుకుని, ఆదిలాబాద్ రిమ్స్‌లో గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముదిరితే ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి తిరగాల్సి వస్తుంది. తెల్లమచ్చ దశలోనే పట్టుబడితే చాలామందికి ఆ తిప్పలు ఉండవు.