జాక్ ట్రైస్ ఉత్తరం

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ మనం కాలితో తన్నే ఆట కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి, ఎదుటివాళ్లు మీదపడి పడగొడతారు. ఆ ఆటలో ప్రాణం పోగొట్టుకున్న ఒక నల్లజాతి విద్యార్థి గురించి ఈ వార్షికోత్సవ సంచికలో మన మిత్రులకు చెప్పాలనుకున్నాం.

జాక్ ట్రైస్ 1902లో ఒహాయో రాష్ట్రంలోని హైరమ్‌లో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. 1922లో అయోవా స్టేట్ కాలేజీలో చేరి, పని చేసుకుంటూ చదివాడు. ఆ కాలేజీ తరఫున ఆడిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు అతనే. తీసుకున్నది పశుపోషణ కోర్సు. చదువయ్యాక దక్షిణాది రాష్ట్రాలకు వెళ్లి నల్లజాతి రైతులకు సాయపడాలనుకున్నాడు. ఆటకన్నా ఈ సంగతే మాకు ఎక్కువ నచ్చింది.

1923 అక్టోబర్ 6న మినియాపోలిస్‌లో మిన్నెసోటా యూనివర్సిటీతో పోటీ. ముందురోజు రాత్రి హోటల్ కాగితం మీద జాక్ తనకు తానే ఒక ఉత్తరం రాసుకున్నాడు. తన జాతి గౌరవం, ఇంటి గౌరవం, తన గౌరవం రేపటి ఆట మీదే ఉన్నాయని, సర్వశక్తులూ పెట్టి ఆడతానని దాని సారాంశం. ఇరవయ్యొక్కేళ్ల కుర్రవాడి మీద ఎంత బరువో చూడండి!

ఆట మొదట్లోనే కాలర్ బోన్ విరిగింది. అయినా ఆడాడు. మూడో భాగంలో కిందపడినప్పుడు ఎదుటి ఆటగాళ్లు తొక్కేశారు. కావాలనే చేశారని కొందరన్నారు గాని రుజువు కాలేదు. ప్రయాణం చేయవచ్చని డాక్టర్లు చెప్పడంతో రైల్లో గడ్డిపరుపు మీద పడుకోబెట్టి తీసుకువచ్చారు. లోపల రక్తస్రావమై అక్టోబర్ 8న కన్నుమూశాడు. అంత్యక్రియల ముందు అతని కోటు జేబులో ఆ ఉత్తరం దొరికింది. కాలేజీ మైదానంలో దాదాపు 4,000 మంది చేరి కన్నీటి వీడ్కోలు పలికారు.

తర్వాత అందరూ మరచిపోయారు. 1973లో విద్యార్థులు అతని చరిత్ర బయటికి తీసి, అప్పుడు కడుతున్న కొత్త స్టేడియానికి జాక్ పేరు పెట్టాలని అడిగారు. 1975లో స్టేడియం తెరిచారు గాని ఆ పేరు పెట్టలేదు. ఒక బ్యాచ్ చదువు ముగించి వెళ్లిపోతే మరో బ్యాచ్ ఆ పని అందుకుంది. 1984లో ఆడే మైదానానికి మాత్రం జాక్ పేరు, స్టేడియానికి వేరే పేరు పెట్టారు. విద్యార్థులు తృప్తిపడలేదు. చివరికి 1997లో అది జాక్ ట్రైస్ స్టేడియం అయింది.

అంతకుముందే, 1980ల చివర్లో, విద్యార్థి సంఘం పూనుకుని అతనికి విగ్రహం పెట్టించింది. అందులో జాక్ ఆట దుస్తుల్లో లేడు. మామూలు బట్టల్లో నిలబడి తన ఉత్తరం చదువుకుంటున్నాడు.