హోదాను బట్టి అధికారం: లింక్ సర్వర్ నిర్వహణ తీరుతెన్నులు

ఒక పెద్ద సంస్థలో సత్వర సందేశాలు, టెలిఫోను సంభాషణలు, దృశ్య సమావేశాలు ఒకే సర్వరు ద్వారా సాగుతున్నప్పుడు, ఆ సర్వరుపై ఎవరికి ఎంత అధికారం ఉండాలన్నది కేవలం సాంకేతిక సిబ్బందికి వదిలివేయదగిన ప్రశ్న కాదు. పొరపాటున ఇచ్చిన ఒక్క ఆదేశంతో వందలాది ఉద్యోగుల ఫోన్లు మూగబోవచ్చు. ఎవరి సంభాషణలను భద్రపరచాలో నిర్ణయించే వీలు సంబంధం లేని వారి చేతికి చిక్కవచ్చు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2010 నవంబరులో విడుదల చేసిన లింక్ సర్వర్ 2010 ఈ సమస్యకు ఒక క్రమబద్ధమైన పరిష్కారాన్ని చూపింది. అనంతరం వచ్చిన లింక్ సర్వర్ 2013, స్కైప్ ఫర్ బిజినెస్ సర్వర్ 2015, 2019 వెర్షన్లు అదే బాటలో నడిచాయి.

అంతకు ముందున్న ఆఫీస్ కమ్యూనికేషన్స్ సర్వర్ 2007 ఆర్2లో సర్వరుకు సంబంధించిన వివరాలు కొన్ని యాక్టివ్ డైరెక్టరీలోను, కొన్ని డేటాబేస్‌లోను, మరికొన్ని ఆయా యంత్రాలలోను చెల్లాచెదురుగా ఉండేవి. లింక్ సర్వర్ వాటిలో అత్యధిక భాగాన్ని 'సెంట్రల్ మేనేజ్‌మెంట్ స్టోర్' అనే ఒకేచోటికి చేర్చింది. అక్కడి సమాచారం యొక్క ప్రతి ఒక్కొక్క సర్వరుకూ అందుతుంది. కేంద్ర భాండాగారం కొంతసేపు అందుబాటులో లేకపోయినా సర్వర్లు తమ వద్దనున్న ప్రతి ఆధారంగా పనిచేస్తూనే ఉంటాయి. అట్టి సమయంలో మార్పులు చేయడం మాత్రం సాధ్యపడదు.

మూడు పనిముట్లు

నిర్వహణకు ప్రధానంగా మూడు పనిముట్లు ఉన్నవి. ఏ కేంద్రంలో ఏ సర్వరు ఉండాలి, ఏది ఏ పని చేయాలి అన్న నక్షాను తయారుచేసి, సరిచూచి, ప్రకటించేది 'టోపాలజీ బిల్డర్'. దీని అవసరం తరచుగా కలుగదు. రెండవది 'కంట్రోల్ ప్యానెల్'. బ్రౌజరులో తెరచుకునే ఈ చిత్రరూప ఉపకరణంలో వినియోగదారును వెదకడం, ఫోన్ నంబరు కేటాయించడం, పాలసీని మార్చడం వంటి దైనందిన పనులన్నీ మౌస్‌తోనే జరిగిపోతాయి. ఇది తొలుత సిల్వర్‌లైట్‌పై ఆధారపడి ఉండేది. సిల్వర్‌లైట్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2021 అక్టోబరులో ముగిసింది.

మూడవది 'మేనేజ్‌మెంట్ షెల్'. ఇది 2006లో వెలువడిన విండోస్ పవర్‌షెల్‌పై నిర్మితమైనది. ఇందులోని కమాండ్‌లెట్లు ఐదు వందలకు పైమాటే. పేర్లన్నీ ఒకే పద్ధతిలో, ముందు క్రియ, తరువాత నామం అన్నట్లుగా ఉంటాయి. 'గెట్-సీఎస్‌యూజర్' వివరాలు తెచ్చి చూపుతుంది, 'సెట్-సీఎస్‌యూజర్' మారుస్తుంది, 'ఎనేబుల్-సీఎస్‌యూజర్' కొత్తవారికి సేవను కల్పిస్తుంది. పదిమంది ఉద్యోగులకు మార్పు చేయవలసి వచ్చినప్పుడు కంట్రోల్ ప్యానెల్ చాలు. ఒక విభాగంలోని ఎనిమిది వందల మందికీ కొత్త వాయిస్ పాలసీ వర్తింపజేయాలంటే మాత్రం, 'గెట్-సీఎస్‌యూజర్'తో ఆ విభాగం వారిని ఎంపిక చేసి, ఫలితాన్ని 'గ్రాంట్-సీఎస్‌వాయిస్‌పాలసీ'కి అందించే ఒక్క వరుస స్క్రిప్టు సరిపోతుంది.

ఇక్కడ గమనించదగిన విషయమొకటున్నది. కంట్రోల్ ప్యానెల్‌లో బొత్తాము నొక్కినప్పుడు తెర వెనుక నడిచేది కూడా అవే కమాండ్‌లెట్లు. కాబట్టి చిత్రరూప ఉపకరణం వాడేవారు సురక్షితులనీ, స్క్రిప్టు వ్రాసేవారు ప్రమాదకారులనీ అనుకోవడం సరికాదు. తేడా వేగంలో ఉన్నది. మౌస్‌తో చేసిన తప్పు సాధారణంగా ఒక్క ఉద్యోగితో ఆగుతుంది, స్క్రిప్టులో చేసిన తప్పు సంస్థనంతా చుట్టివస్తుంది.

ఉదాహరణకు, సెలవుపై వెళ్లిన ఉద్యోగుల ఖాతాలను కొంతకాలం నిలిపివేయవలసి ఉన్నదనుకుందాం. 'డిజేబుల్-సీఎస్‌యూజర్' అన్న పేరు చూడగానే అదే తగినదని తోస్తుంది. కాని అది ఆ ఉద్యోగికి సంబంధించిన లింక్ వివరాలను, కేటాయించిన పాలసీలతో సహా తొలగిస్తుంది. తిరిగి చేర్చుకోవాలంటే అన్నీ మొదటినుంచి నమోదు చేయవలసినదే. తాత్కాలికంగా ఆపడానికి 'సెట్-సీఎస్‌యూజర్'లో 'ఎనేబుల్డ్' అన్న విలువను 'ఫాల్స్'గా మార్చడమే తగిన మార్గం, వివరాలు చెక్కుచెదరవు. ఏ ఆదేశం ఏమి చేయబోతున్నదో ముందుగా తెలుసుకొనుటకు చివర 'వాట్‌ఇఫ్' చేర్చినచో, పని జరుగకుండానే జరుగబోయేది తెరపై కనిపిస్తుంది. ఎంతటి అనుభవజ్ఞులైనా సరే, మూకుమ్మడి మార్పులకు ముందు దీనిని వాడకపోవడం సాహసమే అనాలి.

తొమ్మిది పాత్రలు

ప్రభుత్వ కార్యాలయాలలో బిల్లు తయారుచేసేది ఒకరు, మంజూరు చేసేది మరొకరు, చెల్లించేది ట్రెజరీ. అధికారి బదిలీపై వెళ్లినప్పుడు చార్జి అప్పగిస్తారు. అధికారం కుర్చీతోనే ఉండిపోతుంది. కంప్యూటర్ వ్యవస్థలలో ఇదే సూత్రాన్ని అమెరికాకు చెందిన నిస్ట్ సంస్థలో డేవిడ్ ఫెరాయొలో, రిచర్డ్ కూన్ 1992లో శాస్త్రీయంగా ప్రతిపాదించారు. పాత్రాధారిత ప్రవేశాధికారంగా పేరొందిన ఈ విధానం 2004లో ఆ దేశపు ప్రమాణంగా ఆమోదం పొందింది.

లింక్ సర్వర్ 2010లో ముందుగానే సిద్ధపరచిన పాత్రలు తొమ్మిది. వీటిలో 'సీఎస్‌అడ్మినిస్ట్రేటర్' అన్నింటికీ పెద్ద. 'సీఎస్‌యూజర్‌అడ్మినిస్ట్రేటర్' ఉద్యోగులను చేర్చగలడు, తొలగించగలడు, ఉన్న పాలసీలను కేటాయించగలడు. కొత్త పాలసీని సృష్టించడం, ఉన్నదానిని సవరించడం అతని పరిధిలో లేవు. టెలిఫోను పాలసీల రూపకల్పన 'సీఎస్‌వాయిస్‌అడ్మినిస్ట్రేటర్' పని. సర్వర్లను ఆపడం, నడపడం, మరమ్మతులు చూడడం 'సీఎస్‌సర్వర్‌అడ్మినిస్ట్రేటర్' బాధ్యత. సంభాషణలను భద్రపరచే నిబంధనలు 'సీఎస్‌ఆర్కైవింగ్‌అడ్మినిస్ట్రేటర్' చేతిలో ఉంటాయి. దీనిని ప్రత్యేక పాత్రగా ఉంచడం దూరదృష్టి గల నిర్ణయమని చెప్పవచ్చు. ఉద్యోగుల ఆంతరంగికతకు సంబంధించిన ఈ అధికారం ఫోన్ నంబర్లు కేటాయించే గుమాస్తాకు అవసరం లేదు. ఉద్యోగుల ఫిర్యాదులు స్వీకరించే 'సీఎస్‌హెల్ప్‌డెస్క్' వివరాలు చూడగలదు, కొన్ని పరీక్షలు నడపగలదు, కాని దేనినీ మార్చలేదు. కేవలం చూచుటకు ఒకటి, కాల్ బృందాలకు ఒకటి, అమెరికాలో 911 అత్యవసర కాల్స్ చేసినవారి ప్రదేశాన్ని గుర్తించే వివరాల నమోదుకు ఒకటి చొప్పున తక్కిన మూడూ ఉన్నవి.

పాత్రను ఇవ్వడానికి ప్రత్యేక ఉత్తర్వు ఏదీ లేదు. యాక్టివ్ డైరెక్టరీలో అదే పేరుగల భద్రతా బృందంలో ఉద్యోగిని చేర్చినచో పాత్ర లభిస్తుంది, తొలగించినచో పోతుంది. దూరం నుంచి షెల్‌కు అనుసంధానమైనప్పుడు ఆ ఉద్యోగి పాత్రకు అనుమతించిన కమాండ్‌లెట్లు మాత్రమే అతనికి లభిస్తాయి. మిగిలినవి కనిపించనే కనిపించవు.

ఒక శాఖ సాంకేతిక నిపుణునికి ఆ శాఖ ఉద్యోగులపై మాత్రమే అధికారం ఇవ్వదలచినప్పుడు కొత్త పాత్రను ఏర్పరచుకోవచ్చును. ముందుగా యాక్టివ్ డైరెక్టరీలో ఒక యూనివర్సల్ భద్రతా బృందాన్ని సృష్టించి, అదే పేరుతో 'న్యూ-సీఎస్‌అడ్మిన్‌రోల్' ద్వారా, ఉన్న పాత్రలలో ఒకదానిని నమూనాగా తీసుకొని, పరిధిని నిర్దేశించాలి. 'యూజర్‌స్కోప్స్' అన్నది ఏ విభాగపు ఉద్యోగులపైననో, 'కాన్ఫిగ్‌స్కోప్స్' అన్నది ఏ కేంద్రపు అమరికలపైననో తెలుపుతుంది. 2010 వెర్షన్‌లో నమూనాలోని ఆదేశాల పట్టికను మార్చే వీలు లేదు. ఆ సౌలభ్యం 2013 వెర్షన్‌తో వచ్చింది.

తలుపు తాళం

ఇంతటి కట్టుదిట్టమైన ఏర్పాటుకు ఒక ముఖ్యమైన పరిమితి ఉన్నది. పాత్రల నిబంధనలు దూరం నుంచి, అనగా కంట్రోల్ ప్యానెల్ ద్వారా గాని, దూరపు షెల్ ద్వారా గాని పనిచేసేవారికే వర్తిస్తాయి. సర్వరు ముందే కూర్చొని షెల్‌ను తెరచినవారిని ఇవి కట్టడి చేయవు. అక్కడ చెల్లుబాటయ్యేది 'ఆర్‌టీసీ యూనివర్సల్ సర్వర్ అడ్మిన్స్' వంటి భద్రతా బృందాలలో సభ్యత్వం. ఒక ఉద్యోగిని హెల్ప్‌డెస్క్ పాత్రకు పరిమితం చేసి, ఏనాడో వ్యవస్థాపన సమయంలో చేర్చిన ఆర్‌టీసీ బృందంలో కూడా అలాగే ఉంచి, సర్వర్ గది తాళం కూడా ఇచ్చినట్లయితే, ఆ పరిమితి కాగితం మీదనే మిగులుతుంది. సర్వర్ గదిలోకి ఎవరు ప్రవేశిస్తున్నారో నమోదు చేసే రిజిస్టరు కూడా ఈ వ్యవస్థలో భాగమేనని నిర్వాహకులు గుర్తించవలసి ఉన్నది.

లింక్ సర్వర్ 2010కు మద్దతు 2021 ఏప్రిల్‌లోను, 2013 వెర్షన్‌కు 2023 ఏప్రిల్‌లోను ముగిసింది. స్కైప్ ఫర్ బిజినెస్ సర్వర్ 2015, 2019 వెర్షన్లకు 2025 అక్టోబరు 14తో గడువు తీరింది. సొంత సర్వర్లనే కొనసాగించదలచిన సంస్థల కొరకు 2025లో సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ వెలువడింది. కొత్త వెర్షన్‌కు మారే సంస్థలు పాత బృందాలనూ వాటిలోని పేర్లనూ వెంట తీసుకువెళతాయి కనుక, ముందుగా పట్టికను సరిచూచుకొనుట అవసరం.

ఇందుకు 'గెట్-సీఎస్‌అడ్మిన్‌రోల్‌అసైన్‌మెంట్'కు ఉద్యోగి పేరును జతపరచినచో అతనికి గల పాత్రలన్నీ తెలుస్తాయి. ఆర్‌టీసీ బృందాల సభ్యత్వం ఆ జాబితాలో రాదు. దానిని యాక్టివ్ డైరెక్టరీలో విడిగా తెరచి చూడవలసి ఉంటుంది.