వైరసులపై మందులకు పరీక్ష

ఒక రసాయనము వైరసును అణచునని చెప్పుట సులభము, నిరూపించుట కష్టము. వైరసు తనంతట తాను పెరుగజాలదు. జీవకణములోనికి చొచ్చి, ఆ కణపు సాధనములతోనే తన సంతతిని వృద్ధి చేసికొనును. కావున దానిని అణచబోయి కణమునే చంపినచో, ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టినట్లగును. పరీక్ష యంతయు ఈ భేదమును కనిపెట్టుటకే.

ప్రయోగశాలలో జీవకణములను పాత్రల అడుగున పలుచని పొరగా పెంచుదురు. కొన్ని పాత్రలలో వైరసును మాత్రమే, కొన్నింట రసాయనమును మాత్రమే, కొన్నింట రెండింటిని చేర్చుదురు. ఏదియు చేర్చని పాత్రలును పోలికకై ఉండవలెను. వైరసు కణములను చంపిన చోట, రంగు వేసినపుడు ఖాళీ మచ్చలు కనబడును. ఈ మచ్చలను లెక్కించు పద్ధతిని జంతువుల వైరసులకు 1952లో రెనాటో డల్బెకో ప్రవేశపెట్టెను.

మచ్చలను సగమునకు తగ్గించు మోతాదు 2 మైక్రోగ్రాములనియు, కణములలో సగమును చంపు మోతాదు 100 అనియు అనుకొందము. వీని నిష్పత్తి 50. ఆ రసాయనము ఆశాజనకము. రెండవ మోతాదు 3 మాత్రమే యైనచో అది మందు కాదు, విషము.

ఇందు నెగ్గినను పరీక్ష ముగియదు. థయోసెమికార్బజోనులను రసాయనములలో ఒకటి టీకాలకు వాడు వాక్సీనియా వైరసును అణచునని 1950లో కోడిగ్రుడ్లలోని పిండములయందును, చిట్టెలుకలయందును తేలెను. ఆ తెగలోని మెథిసాజోనును మద్రాసులో మశూచిరోగులతో మెలగినవారికి ఇచ్చి చూచిరి. 1963లో వెల్లడియైన ఫలితముల ప్రకారము, మందు పుచ్చుకొన్న 1,101 మందిలో ముగ్గురికి, పుచ్చుకొనని 1,126 మందిలో 78 మందికి వ్యాధి సోకెను. ఎంతటి ఆశ! కాని ఎవరిది మందో, ఎవరిది ఉత్తమాత్రయో తెలియనీయక పాకిస్తానులో జరిపిన పరీక్షలు, 1971లో ప్రకటింపబడినపుడు, ఆ మేలును ధ్రువపరుపలేదు. తుదకు మశూచిని రూపుమాపినది టీకాయే. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ విషయమును ప్రకటించెను.

2020లో హైడ్రాక్సీక్లోరోక్విన్ గతియు అట్టిదే. పాత్రలోని కణములయందు కరోనా వైరసును అణచినను, ఆసుపత్రి రోగులపై జరిగిన పెద్ద పరీక్షలో అది మరణములను తగ్గింపలేదు.

కావున ఏదేని మందు ప్రయోగశాలలో వైరసును చంపెనని వినినపుడు అడుగవలసినవి మూడు: కణములకు హాని చేయని మోతాదులోనా? జంతువులయందును పనిచేసెనా? మనుష్యులయందు, మందు పుచ్చుకొననివారితో సరిపోల్చి చూచిరా? మూడింటికిని సమాధానము దొరకువరకు అది ఆశయే గాని ఔషధము కాదు.