లండనులో మన కృష్ణాతీరం

లండను నగరంలో తప్పక చూడవలసినవి ఏవి అని అడిగితే యాత్రా గ్రంథాలన్నీ ఒకే పట్టికను వల్లె వేస్తాయి: పార్లమెంటు భవనపు గడియార గోపురం, రాజప్రాసాదం ముందు కావలి భటుల మార్పు, థేమ్సు నదిపై వంతెన. ఇవి చూడదగినవే, కాదనను. కాని జగ్గయ్యపేట, నందిగామల నుండి పైచదువులకో ఉద్యోగానికో అక్కడికి పోయే మన విద్యార్థులకు నేను వేరొక క్రమం సూచిస్తాను. మన నేల నుండి తరలిపోయిన వాటిని వారు ముందుగా చూడాలి.

వాటిలో మొదటిది బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశానికి రుసుము లేదు. అందులో అద్దాల గోడలు గల ఒక ప్రత్యేకశాలలో అమరావతి మహాస్తూపపు శిల్పాలు ఉన్నాయి. 1992 నుండి వాటిని అక్కడ ప్రదర్శిస్తున్నారు. ఈ శిల్పాల కథకూ జగ్గయ్యపేటకూ ఉన్న సంబంధం మనలో చాలమందికి తెలియదు. బేతవోలు అనే గ్రామాన్ని పెంచి, తన తండ్రి జగ్గయ్య పేర పేటగా నిలిపిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడే 18వ శతాబ్దాంతంలో అమరావతిలో కొత్త పట్టణం కట్టించాడు. ఆ కట్టడాలకు రాయి కావలసి మనుషులు దిబ్బను త్రవ్వగా చెక్కడపు పలకలు బయటపడ్డాయి. ఆ వార్త విని కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు; 1816లో మరల వచ్చి తన చిత్రకారులచేత పలకలకు బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడ చాలకాలం ఆరుబయట పడి ఉండి, 1859లో ఓడనెక్కాయి. బ్రిటిష్ మ్యూజియంలోనికి అవి వచ్చినది 1880లో.

ఆ శాలలో ఒక పలక ముందు మాత్రం తీరికగా నిలబడాలి. దానికి రెండువైపులా చెక్కడం ఉన్నది. ఒకవైపు బోధివృక్షం, దాని క్రింద శూన్యాసనం, చుట్టూ మ్రొక్కే జనం. బుద్ధుని రూపం లేదు. అది క్రీస్తుకు పూర్వపు పని. మూడువందల ఏండ్ల పిమ్మట అదే రాతిని త్రిప్పి, రెండవవైపు స్తూపాన్నే చెక్కారు. మహాస్తూపం ఎట్లుండెడిదో నేడు మనకు తెలిపేవి ఇటువంటి పలకలే. ద్వారానికి ఎదురుగా వరుసగా నిలిచిన అయిదు స్తంభాలను గమనించండి. వాటిని ఆయక స్తంభాలంటారు. అటువంటివే అయిదింటిని ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ రాజ్య సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి మన జగ్గయ్యపేట స్తూపానికి తూర్పు ద్వారం వద్ద నిలిపినట్లు ప్రాకృత శాసనం చెప్పుతున్నది. దానమిచ్చినవాడు రాజు కాడు, పనివాడు. ఈ సంగతి నాకు ఎంతో ఇష్టం.

రెండవది లండను టవర్. దీనికి రుసుము ఎక్కువే. లోపల ఆభరణశాలలో, 1937లో చేసిన రాణీ కిరీటంలో కోహినూరు ఉన్నది. ఇది కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో దొరికినదని పలువురి నమ్మకం. పత్రసాక్ష్యం మాత్రం లేదు. 17వ శతాబ్దంలో ఆ గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని వ్రాశాడు. 1849లో లాహోరు సంధి పేర బాలరాజు దులీప్ సింగు వద్ద నుండి ఇంగ్లీషువారు దానిని తీసుకొన్నారు. 186 కారట్ల రాయిని 1852లో మరల సానపట్టగా 105.6 కారట్లు మిగిలినది. కిరీటాల ముందు కదిలే బాట ఉంటుంది. నిలబడి చూద్దామన్నా అది మనలను ముందుకు త్రోసుకొని పోతుంది. కొల్లూరు నేడు పులిచింతల జలాశయం అడుగున ఉన్నది. రాయి ఎన్నడైనా తిరిగి వచ్చినా, దానిని పుట్టినచోటికి చేర్చే వీలు లేదు. వజ్రాల కథ నందిగామవారికీ కొత్త కాదు. నందిగామ నుండి విజయవాడ పోయే దారిలోని పరిటాలను నిజాం ప్రభువులు వజ్రాల కోసమే తమ చేతిలో ఉంచుకొన్నారు.

మూడవది బ్రిటిష్ లైబ్రరీ. మెకంజీ గీయించిన అమరావతి చిత్రాలు ఇక్కడ ఉన్నాయి. టిప్పు సుల్తాను గ్రంథాలయం నుండి వచ్చిన వ్రాతప్రతులు కొన్నీ ఇక్కడే చేరాయి. మన ఉర్దూ, పారశీక విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ తిరిగి ఇవ్వవలెనా అన్న వాదం నడుస్తూనే ఉన్నది. 1963 నాటి చట్టం ప్రకారం ఆ మ్యూజియం తన వస్తువులను సులభంగా వదులుకోలేదు. అడగడం మన హక్కే. అయితే అడిగేవారు తమ ఊరి స్తూపాన్ని ఒక్కసారైనా చూసి ఉంటే ఆ అడగడానికి బలం చేకూరుతుంది. జగ్గయ్యపేట చెంత ధనంబోడు గుట్టపై 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించిన స్తూపం ఉన్నది. ఈ కళాశాలలో చదివి వెళ్ళినవారిలో దానిని ఎక్కినవారు ఎందరు?

విమానం ఎక్కేముందు ఒక పూట ఆ గుట్టకు కేటాయించండి. వీలైతే చెన్నై ఎగ్మూరు మ్యూజియం కూడా చూడండి. మాంధాత చక్రవర్తి చేయి పైకెత్తగా మేఘాల నుండి నాణెములు వర్షించే పలక అక్కడ ఉన్నది. అది మన జగ్గయ్యపేట రాయి, లండనుకు పోనిది.