గోదావరి ఒండ్రులో లోహాలు: అపోహలు – వాస్తవాలు

నది మట్టిని పరీక్షకు పంపితే రిపోర్టులో క్రోమియం, నికెల్, రాగి కనబడగానే ఏ ఫ్యాక్టరీయో విషం వదిలిందని తేల్చేస్తారు. అన్నిసార్లూ అది నిజం కాదు. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి నిజామాబాద్ జిల్లా కందకుర్తి చేరేలోపు చాలా దూరం దక్కన్ నల్లరాతి మీదే పారుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా గడ్డకట్టిన బసాల్ట్ అది. కిలో బసాల్ట్‌లో రాగి తరచూ 100 నుంచి 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. భూమి పైపొర సగటు 30 లోపే. అదే జిల్లాలోని మాక్లూర్ ఊరు ఉన్నదేమో గ్రానైట్ నేల మీద, ఆ రాతిలో రాగి, నికెల్ బాగా తక్కువ. ఊరి చెరువు పూడికనూ గోదావరి మీది పోచంపాడు జలాశయం ఒండ్రునూ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే, ఎవరూ ఏమీ కలపకపోయినా ఒండ్రులోనే రాగి ఎక్కువ రావాలి. పైగా ఇసుక కన్నా బంకమన్ను లోహాలను ఎక్కువ పట్టి ఉంచుతుంది. అందుకే దేశమంతటికీ ఒకే అంకెను సహజస్థాయిగా పెట్టుకోవడం తప్పు.

మట్టిలో ఉన్నదంతా తాగే నీళ్లలోకి వస్తుందన్న భయమూ అలాంటిదే. ప్రపంచ నదుల్లో లీటరు నీటికి కరిగిన రాగి సగటున ఒకటిన్నర మైక్రోగ్రాములు. తాగునీటికి మన ప్రమాణం 50. ఖనిజంలో బిగుసుకున్న లోహం అంత తేలిగ్గా కరగదు. నీళ్లు ఆమ్లంగా మారినా, అడుగున ప్రాణవాయువు కరువైనా కొంత బయటపడుతుంది, ఆ సంగతి మరచిపోకూడదు.

ఇలా మాట్లాడితే కాలుష్యం చేసేవాళ్లకు సాకు దొరకదా అని అడగవచ్చు. నిజానికి వాళ్లను పట్టించేదే సహజస్థాయి. జలాశయం అడుగు పొరలనూ పై పొరలనూ పోల్చినా, లోహాన్ని అల్యూమినియంతో భాగించి చూసినా, రాయి ఇచ్చిందెంతో మనిషి కలిపిందెంతో విడిపోతుంది. బసాల్ట్‌లో సీసం చాలా తక్కువ కాబట్టి ఒండ్రులో సీసం బాగా పెరిగితే ఆ నెపం నల్లరాతి మీద వేయలేం. పసుపు పండించే ఈ ప్రాంతానికి ఇది దగ్గరి విషయం. పసుపు కొమ్ములకు మెరుపు కోసం కొన్నిచోట్ల లెడ్ క్రోమేట్ అనే రంగు పూసిన ఉదంతాలున్నాయి. ఆ రంగులో సీసం బరువు క్రోమియానికి దాదాపు నాలుగు రెట్లు. కొమ్ముల మీద రెండూ కలిసి ఆ పాళ్లలో దొరికితే, పొలం మట్టి అంటుకుందన్న జవాబు చెల్లదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది సహజమైతే హాని ఉండదన్న నమ్మకం. ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీ అక్కర్లేకుండా గ్రానైట్ ఖనిజాల నుంచే బోరు నీళ్లలో కలుస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో బయటపడింది. నల్లగొండలో ఎన్నో కుటుంబాల ఎముకలను వంచేసింది. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేనప్పుడు 1.5. గ్రానైట్ నేలలో బోరు వేసుకున్నవాళ్లు, కనుచూపు మేరలో ఒక్క పొగగొట్టం లేకపోయినా, ఆ నీళ్లను పరీక్ష చేయించుకోవాలి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది.