పని మొదలిడుటకు ముందు పదిహేను నిమిషములు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ రెండు కార్యములకు గల పోలిక ఖర్చు ఒక్కటే కాదు. ఒకరి పని మరియొకరికి పూర్తిగా తెలియని పలువురు, రెండింటిలోను ఒకే ముహూర్తమునకు కలిసి పనిచేయవలసియుండును. నేడు ఒక మోస్తరు భవనమునకైనను తాపీ మేస్త్రీ, సెంట్రింగు మేస్త్రీ, కడ్డీలు కట్టువారు, కరెంటు పనివారు, నీటి పైపుల పనివారు, కంకర మోయు స్త్రీలు ఇందరు కావలెను. ఎవరి పనిలో వారు నేర్పరులే. ఐనను ఒకరి పని ముగియనిదే మరియొకరి పని మొదలుకాదు. ఈ రెండు పనుల నడుమ చెప్పవలసిన మాట చెప్పకపోవుట వలననే తరచుగా నష్టము పుట్టుచున్నది.

కొన్నియేండ్ల క్రిందట మా బంధువుల యింటికి స్లాబు వేయునాడు మేమును అక్కడ ఉంటిమి. తెల్లవారుజామున కాంక్రీటు కలుపు యంత్రము తిరుగ నారంభించినది. మధ్యాహ్నమునకు పని ముగిసి, మిఠాయి కూడ పంచినారు. సాయంకాలము వచ్చిన కరెంటు పనివాడు పైకి చూచి తల పట్టుకొనెను. స్లాబులో దాగవలసిన పైపులు రెండు గదులలో అతడు ఇంకను వేయలేదు. స్లాబు మరునాడని అతనికి తెలిసియుండెను. దినము ముందుకు జరిగిన సంగతి మేస్త్రీ చెప్పియుండునని యజమానియు, యజమాని చెప్పియుండునని మేస్త్రీయు తలచిరి. కడ్డీలు కట్టిన కుఱ్ఱవాడు మాత్రము మెల్లగా, "పొద్దుగాలనే చూసిన సార్, పైపులు లేవని. నన్నెవరూ అడగలేదు" అనెను.

ఆ కుఱ్ఱవానిని అడుగుటకే నిర్మాణస్థలములలో దైనిక సమావేశము అవసరము.

జపానులో నిర్మాణస్థలమున దినము 'చోరేయి' అను ఉదయ సమావేశముతో ఆరంభమగుట ఆచారము. ముందు కొంత వ్యాయామము, పిదప ఆనాటి పనుల వివరణ జరుగును. తరువాత పనివారు చిన్న బృందములుగా నిలిచి, ఎచ్చట ప్రమాదము పొంచియున్నదో తామే ఊహించి చెప్పుదురు. దీనికి 'కికెన్ యోచి', అనగా అపాయమును ముందుగా పసిగట్టుట, అని పేరు. అమెరికాలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అను ఇరువురు 1990 దశకములో నిర్మాణపు పనులను పరిశీలించి, ఒక వారమునకు ఒప్పుకొన్న పనులలో సుమారు సగమే ఆ వారములో పూర్తియగుచున్నవని కనుగొనిరి. వారి పద్ధతికి 'లాస్ట్ ప్లానర్' అని పేరు. ప్రణాళికలో చివరి మాట చెప్పువాడని దాని భావము. అతడు పై అధికారి కాడు, పనివారి ప్రక్కన నిలిచి పని చేయించు మేస్త్రీ. పటము గీసినవారు "జరుగవలెను" అని మాత్రమే అనగలరు. "జరుగును" అని మాట ఈయగలవాడు అతడే.

ఇట్టి సమావేశమునకు ప్రత్యేకముగా గది అక్కరలేదు. పని జరుగు చోటనే, నిలువబడియే, ప్రతిదినము ఒకే వేళకు, పదిహేను నిమిషములకు మించకుండ జరుపవలెను. ప్రతి బృందపు పెద్దయు నాలుగు సంగతులు చెప్పవలెను: నిన్న ఒప్పుకొన్నది పూర్తియైనదా? కానిచో కారణమేమి? నేడు ఎచ్చట ఏమి చేయుదురు? అందుకు గల అడ్డమేమి, అపాయమేమి? ఇద్దరికే సంబంధించిన చర్చను వారిద్దరు తరువాత జరుపుకొనవచ్చును. పూర్తికాని పనిని, దాని కారణమును ఒక పలకపై వ్రాయవలెను. వారాంతమున చూచినచో ఇసుక ఆలస్యముగా వచ్చుట, పటము మారుట వంటి కారణములే మరల మరల కనబడును. వానిని తొలగించుట నిర్వాహకుని పని. మనుష్యులను దూషించుటకు ఆ పలకను వాడినచో మరునాటి నుండి ఎవరును నిజము చెప్పరు.

సమావేశమునకు ప్రాణము "కుదరదు" అను మాటకు గల స్వేచ్ఛయే. సాధారణ సిమెంటు వాడి, తగినంత నీరు పెట్టినప్పుడు కూడ, స్లాబు క్రింద ఆధారముగా నిలిపిన కర్రలను ఆనికల నడుమ దూరము 4.5 మీటర్ల వరకైనచో 7 దినములు, మించినచో 14 దినములు తీయరాదని ఐ.ఎస్. 456 అను భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఆ కర్రలు మరియొక చోట కావలెనని తొందరపడు గుత్తేదారుతో "ఇంకా రెండు రోజులు ఉండాలండీ" అని పనివాడు అనలేనిచో, ఆ సమావేశము వట్టి హాజరుపట్టీయే. ఇది డబ్బుతో పోవు నష్టము కాదు. ఆ కప్పు క్రింద మనుష్యులు ఉందురు.

నిర్మాణ కార్మికుల కొరకు 1996లో పార్లమెంటు చేసిన చట్టము, 500 మంది లేక అంతకు మించి పనిచేయు చోట యాజమాన్యపు ప్రతినిధులును కార్మికుల ప్రతినిధులును గల భద్రతా సంఘము ఉండవలెనని విధించియుండెను. కాని మన వీధులలో లేచు ఇండ్లు ఇరువది ముప్పది మందితో నడచునవి. అచ్చట ఈ పదిహేను నిమిషములే ఆ సంఘము.

భాష మరియొక చిక్కు. హైదరాబాదు నిర్మాణస్థలములలో పాలమూరు తెలుగు, ఒడియా, బీహారు హిందీ, ఉర్దూ ప్రక్కప్రక్కనే వినబడును. "అర్థమైనదా?" అని అడిగినచో అందరును తలయూపుదురు. కావున "నీవేమి చేయబోవుచున్నావో చెప్పు" అని అడిగి వారి నోటనే వినవలెను. ఉర్దూ, తెలుగు రెండును చెవిని బడుచు పెరిగిన మన కళాశాల విద్యార్థులకు ఇది కష్టము కాదు. హాజరు, మజూరీ, మరమ్మతు అను మాటలు రెండు భాషలకును ఉమ్మడి సొత్తే కదా!

మీలో కొందరు రేపు ఇంజనీరులగుదురు. కొందరు సొంత ఇల్లు కట్టించెదరు. కొందరి తండ్రులు నేడు మేస్త్రీలుగా ఉండవచ్చును. ఏ హోదాలో నిలిచినను, పని మొదలిడుటకు ముందు అందరికంటె చిన్నవాని వంక తిరిగి "నీకేమైన కనబడినదా?" అని అడుగుడు. ఆ ఉదయము ఆ కుఱ్ఱవానిని ఎవరైన అడిగియున్నచో, మా బంధువుల యింటి పైపులు నేడు కప్పు క్రింద వ్రేలాడక, కప్పులోనే ఉండెడివి.