బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టండి

ఉదయం తొమ్మిదికి ఇంటర్వ్యూ. బెంజి సర్కిల్ దాటగానే బండి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ‘టిక్ టిక్’ తప్ప ఇంకేం లేదు. మూడు నెలల కిందటే రూ.1,400 పెట్టి కొత్త బ్యాటరీ వేయించాను. బండిని పక్కకు తోసి, ఆటో ఎక్కి, చెమటలు తుడుచుకుంటూ వెళ్లాను. ప్యానెల్‌లో ఒకాయన బ్రిడ్జ్ రెక్టిఫైర్ సర్క్యూట్ గీయమన్నారు. గీసేశా. ‘ఇది మీ బైకులో ఎక్కడుంటుంది?’ అని అడిగారు. నోట మాట రాలేదు. ఉద్యోగమూ రాలేదు.

మర్నాడు ఆటోనగర్‌లో మెకానిక్ అన్న ఇంకో బ్యాటరీ తగిలించి బండి స్టార్ట్ చేసి, మీటరు పెట్టాడు. ‘బ్యాటరీది తప్పేం లేదు తమ్ముడూ, దానికి చార్జింగే వెళ్లట్లేదు. ఆర్‌ఆర్ యూనిట్ పోయింది’ అన్నాడు. ఆర్‌ఆర్ అంటే రెగ్యులేటర్ రెక్టిఫైర్. ముందురోజు నేను కాగితం మీద గీసింది దాన్నే!

మీ ఇంట్లోనూ బైకు ఉండే ఉంటుంది. ఈ పార్టు సంగతి ఒకసారి తెలుసుకుంటే అనవసరంగా బ్యాటరీ కొనే ఖర్చు తప్పుతుంది. ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత అనుభవమూ దొరుకుతుంది.

రెండు పనులు, ఒకే డబ్బా

ఇంజిన్ తిరిగితే దాంతోపాటు మ్యాగ్నెట్ తిరుగుతుంది. దాని పక్కనున్న కాయిల్‌లో కరెంటు పుడుతుంది. ఇదే స్టేటర్. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పుట్టేది ఏసీ, బ్యాటరీకి కావలసింది డీసీ. పైగా రేస్ పెరిగేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. చాలా బైకుల్లో కప్లర్ ఊడదీసి కొలిస్తే ఐడ్లింగ్‌లో 15-20 వోల్టులుండేది, బాగా రేస్ చేస్తే 50 దాటిపోతుంది.

మొదటి చిక్కు రెక్టిఫైర్ తీరుస్తుంది. సింగిల్ ఫేజ్ ఫుల్ బ్రిడ్జ్ అయితే నాలుగు డయోడ్లు, త్రీ ఫేజ్ అయితే ఆరు. కరెంటును ఒకే దిశలో పోనిస్తాయి. రెండోది రెగ్యులేటర్ పని. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు కావలసినంత ఇచ్చి, మిగులు నీటిని కిందికి వదిలేస్తారు కదా. షంట్ రకం రెగ్యులేటర్ కూడా అంతే. బ్యాటరీ వోల్టేజీ 14.5 దగ్గరకు రాగానే ఎస్‌సీఆర్‌లు ఆన్ అయి, మిగులు కరెంటును కాయిల్‌లోకే తిప్పేస్తాయి. అది వేడిగా మారుతుంది. ఆర్‌ఆర్ యూనిట్ మీద అల్యూమినియం రెక్కలు ఉండేది ఆ వేడి పోవడానికే. సిరీస్ రకంలో మాత్రం మిగులును తిప్పరు, సరఫరానే ఆపుతారు. అందుకే కాయిల్‌కు వేడి తక్కువ.

ఎందుకు పోతుంది?

మొదటి శత్రువు వేడి. మే నెల ఎండలో, ట్రాఫిక్‌లో నిలబడిన బండికి గాలి తగలదు. రెండోది వదులైన కప్లర్. పిన్ను సరిగ్గా ఆనకపోతే అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. మూడోది తేమ. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు బైకులు నీళ్లలో మునిగిన సంగతి తెలిసిందే. అలా మునిగిన బండిలో పిన్నులకు పట్టే పచ్చటి చిలుము నెలల తర్వాత కూడా ఇబ్బంది పెట్టొచ్చు. బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలికీ ఇదే బెడద.

ఒకప్పుడు బ్యాటరీ పడుకున్నా కిక్ కొట్టి వెళ్లిపోయేవాళ్లం. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఫ్యూయల్ ఇంజెక్షన్ మామూలైపోయింది. పంపుకీ, ఈసీయూకీ కరెంటు చాలకపోతే బండి కదలదు.

ఈ లక్షణాలుంటే అనుమానించండి

- కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజులకే డౌన్ కావడం.
- రేస్ చేస్తే హెడ్‌లైట్ మరీ ఎక్కువగా వెలిగి, బల్బులు తరచూ పోవడం. కొన్ని పాత చిన్న బైకుల్లో లైటు నేరుగా ఏసీతో వెలిగేది. వాటిలో వెలుగు కొంత మారడం సహజమే.
- బ్యాటరీ వేడెక్కడం, ఉబ్బడం, ఘాటు వాసన.
- కప్లర్ నల్లబడటం, కరగడం.

మూడు రీడింగులు చాలు

మామూలు డిజిటల్ మల్టీమీటర్ వందల రూపాయల్లో వస్తుంది.

1. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ మీద డీసీ చూడండి. నిండుగా ఉంటే 12.6 వోల్టుల పైన ఉంటుంది. 12.2 కంటే తగ్గితే ముందు చార్జింగ్ పెట్టించండి.

2. ఇంజిన్ స్టార్ట్ చేసి, కాస్త రేస్ మీద మళ్లీ చూడండి. సాధారణంగా 13.5 నుంచి 14.8 మధ్య ఉండాలి. రేస్ పెంచినా 13 దాటకపోతే చార్జింగ్ అందట్లేదు. 15 దాటిపోతే రెగ్యులేటర్ అదుపు చేయట్లేదు.

3. చార్జింగ్ అందకపోతే ఇంజిన్ ఆపి, స్టేటర్ కప్లర్ ఊడదీయండి. చాలా బైకుల్లో మూడు పసుపు వైర్లుంటాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి రెండేసి వైర్ల మధ్య ఏసీ చూడండి. మూడు జతలూ దాదాపు సమానంగా ఉండి, రేస్‌తో పెరిగితే కాయిల్ బాగున్నట్టే. అప్పుడు వైరింగ్, ఎర్త్ చూసుకుని, అవీ బాగుంటే ఆర్‌ఆర్ యూనిట్ మార్చండి. జతల మధ్య తేడా బాగా ఉంటే కాయిల్‌ను అనుమానించాలి.

జాగ్రత్త: ఆ వైర్ల కొసలు చేత్తో తాకొద్దు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఎప్పుడూ పీకకండి, వోల్టేజీ ఎగిరి ఈసీయూ పోవచ్చు. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. కచ్చితమైన అంకెలకు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడండి.

ఇంటర్వ్యూలో ఎలా పనికొస్తుంది?

‘సబ్జెక్టును ఎక్కడైనా వాడారా?’ అని అడిగితే చాలామంది ప్రాజెక్టు టైటిల్ చెప్పి ఆగిపోతారు. మీరు ‘మా నాన్నగారి బండిలో బ్యాటరీ పదేపదే దిగిపోయేది. ఇంజిన్ నడుస్తుంటే 12.1 వచ్చింది. కాయిల్ ఏసీ బాగుంది, వైరింగ్ బాగుంది. కాబట్టి రెక్టిఫైర్ అని తేల్చాను’ అని చెప్పండి. లక్షణం, కొలత, కారణం ఈ వరసలోనే రావాలి. నిజంగా చేసిందే చెప్పండి, తర్వాతి ప్రశ్నలకు తడబడరు.

‘ఈవీలు వస్తే ఈ పార్టే ఉండదు కదా?’ అనొచ్చు. నిజమే, ఈవీలో ఈ డబ్బా ఉండదు. కానీ చార్జర్ ఏసీని డీసీగా మారుస్తుంది. బ్రేకు వేసినప్పుడు మోటారులో పుట్టిన ఏసీని కంట్రోలర్ డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. పార్టు మారింది, సూత్రం అదే.

ఈ ఆదివారం ఇంట్లో బండి సీటు తీయండి. మొదటి రెండు రీడింగులు తీసి, తేదీతో నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడోది మొదటిసారి తెలిసిన మెకానిక్ పక్కన ఉండగా చేయండి. నా ఇంటర్వ్యూకి ముందు ఆ పని నేను చేసి ఉండాల్సింది.